విశ్వపౌరుడు ప్రపంచ రాజ్యాన్ని కోరాల్సిందేనా?

ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మనిషి విలువ పుట్టిన దేశాన్ని బట్టి మారదని నమ్మేవాళ్ళు భూమ్మీద అందరికీ ఒకే రాజ్యం ఉండాలని కూడా ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే ఆ రాజ్యం నిరంకుశంగా మారకుండా ఆపేదేమిటి? అంత దూరం వెళ్ళకుండా ఐక్యరాజ్య సమితికే మరికాస్త బలం ఇస్తే సరిపోదా?

మొదటిదానికి నా జవాబు: అక్కర్లేదు. కానీ అక్కర్లేదని చెప్పేసి చేతులు దులుపుకోవడానికీ లేదు. మనుషులందరూ సమానమన్న మాటను నిజంగా పట్టుకుంటే ఏదో ఒక రకమైన ఉమ్మడి చట్టం దాకా వెళ్ళక తప్పదు. ఆ చట్టం ఎవరి మీద పడుతుంది, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, బలగం ఎవరి చేతిలో ఉంటుంది, బయటికి దారి ఉందా అన్న విషయాలే మిగతా రెండు ప్రశ్నలనూ తేలుస్తాయి. ప్రపంచ ప్రభుత్వం మంచిదా చెడ్డదా అన్న దగ్గరే తగువు పడి వీటి దాకా రాని వ్యాసాలే ఎక్కువ.

ముందు నైతిక భాగం. ఇది త్వరగా తేలుతుంది. తాత్వికుడు థామస్ పోగ్గే 1992 నాటి వ్యాసంలో విశ్వమానవ వాదాన్ని ఇలా విడదీశారు: అంతిమంగా లెక్కలోకి వచ్చేది వ్యక్తే తప్ప వంశమో జాతో రాజ్యమో కాదు, ఆ లెక్కలో ప్రతి మనిషీ సమానం, ఆ సమానత్వాన్ని గౌరవించే బాధ్యత తోటి పౌరులకే కాక అందరికీ ఉంది. ఇందులో ప్రభుత్వం ప్రసక్తే లేదు. తూర్పు బెంగాల్ ప్రజల దుస్థితిని ఎదురుగా పెట్టుకుని పీటర్ సింగర్ 1972లో వేసిన ప్రశ్నా అలాంటిదే. సాయం చేయగల స్థితిలో ఉన్నప్పుడు, బాధపడేవాడు పక్క వీధిలో ఉన్నాడా వేల మైళ్ళ అవతల ఉన్నాడా అన్నది మన బాధ్యతను ఎందుకు తగ్గించాలి అని ఆయన అడిగారు. దానికి స్పందించడానికి ప్రపంచ పార్లమెంటు పెట్టక్కర్లేదు. తనను లోకపౌరుడిగా చెప్పుకున్న గ్రీకు తాత్వికుడు డయోజినిస్ మనసులో ఏ రాజ్యాంగమూ లేదు. స్టోయిక్ తాత్వికుడు హైరోక్లిస్ మనిషి చుట్టూ కుటుంబం, బంధువులు, ఊరు, దేశం, మానవజాతి అని వలయాలు గీసి, బయటి వలయాల్లో వాళ్ళను లోపలికి తెచ్చుకోమన్నాడు. అదీ వ్యక్తిగత సాధనే.

కాబట్టి "అందరూ సమానం, అందుకని ఒకే ప్రభుత్వం" అని రాస్తే మధ్యలో ఒక మెట్టు లేనట్టే. ఆ మెట్టు ఏమిటంటే, కొన్ని హక్కులను విడివిడి రాజ్యాలు, అవి ఎంత మంచివైనా, కాపాడలేవని చూపించడం. దీన్ని న్యాయం వైపు నుంచి కట్టినవాళ్ళలో చార్లెస్ బీట్జ్ ముఖ్యుడు. వర్తకం, పెట్టుబడులు దేశాలన్నిటినీ ఒకే సహకార వ్యవస్థలో ముడివేశాయి గనుక పంపిణీ న్యాయం, అంటే సంపద, అవకాశాల పంపకంలో న్యాయం, కూడా ప్రపంచ స్థాయిలోనే ఉండాలని 1979లో వాదించారు. థామస్ నేగెల్ 2005లో దానికి ఎదురు తిరిగారు. న్యాయం అనేది ఒకే సార్వభౌమాధికారం కింద బతికేవాళ్ళ మధ్య పుట్టే బాధ్యత, అలాంటి అధికారం లేనిచోట మిగిలేది మానవతా బాధ్యత మాత్రమే అన్నారు. చాలామంది దీన్ని విశ్వమానవ వాదానికి గొడ్డలిపెట్టుగా చదువుతారు. నా దృష్టిలో ప్రపంచ రాజ్యం కోరేవాళ్ళకు దీన్ని మించిన ఆయుధం లేదు. అధికారం లేనిదే న్యాయం లేదన్నది నిజమైతే, ఆ అధికారాన్ని కట్టకుండా కూర్చోవడానికి కారణం చెప్పాల్సినవాళ్ళు అవతలి పక్షం అవుతారు కదా.

ఇక జర్మన్ తాత్వికుడు కాంట్. ఈ చర్చలో అందరికంటే ఎక్కువగా ఉదహరించబడేదీ, ఎక్కువగా తప్పుగా చదవబడేదీ ఆయనే. 1795లో వచ్చిన శాశ్వత శాంతి వ్యాసంలో 3 నిశ్చయ నిబంధనలున్నాయి. ప్రతి రాజ్యంలోనూ గణతంత్ర రాజ్యాంగం ఉండాలి. అంతర్జాతీయ న్యాయం స్వేచ్ఛాయుత రాజ్యాల కూటమి మీద నిలవాలి. విశ్వపౌర హక్కు ఆతిథ్యం వరకే పరిమితం కావాలి. ఈ ఆతిథ్యం విందు కాదు. పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని శత్రువుగా చూడకూడదన్న సందర్శన హక్కు, అంతే. అక్కడ స్థిరపడే హక్కు ఇందులో లేదు. ఎందుకంత పొదుపుగా రాశాడో ఆ పక్కనే తెలుస్తుంది. వర్తకం పేరుతో వెళ్ళిన ఐరోపా దేశాలు ఆక్రమణకు దిగాయనీ, చైనా, జపాన్ వాళ్ళను దూరంగా ఉంచి తెలివైన పని చేశాయనీ అంటాడు. ఆ పరిమితి రాకపోకల హక్కును కుదించడానికి పెట్టింది కాదు, వలస పాలనకు అడ్డుకట్టగా పెట్టింది.

రెండో నిబంధనే తగువంతటికీ మూలం. బుద్ధి చెప్పేదాని ప్రకారం రాజ్యాలు కూడా వ్యక్తుల్లాగే తమ అడ్డూ అదుపూ లేని స్వేచ్ఛను వదులుకుని, చట్టానికి లోబడి, ఒకే ప్రజా రాజ్యంగా ఏర్పడాలని కాంట్ ఒప్పుకుంటాడు. ఆ వెంటనే, రాజ్యాలు సూత్రంగా సరైనదాన్ని ఆచరణలో తోసిపుచ్చుతున్నాయి గనుక, దాని స్థానంలో యుద్ధాన్ని ఆపే కూటమి అనే ప్రత్యామ్నాయంతో సరిపెట్టుకోవాలంటాడు. అదే వ్యాసంలో మరోచోట, పాలన విస్తరించేకొద్దీ చట్టాల పట్టు సడలుతుందనీ, ఆత్మ లేని నిరంకుశత్వం మంచి అనేదాన్ని నలిపేసి చివరికి అరాచకంలో కూలుతుందనీ హెచ్చరిస్తాడు. ఆ మాటలు అన్నది ఒక రాజ్యం మిగతావాటిని మింగి ఏర్పడే ఏకచ్ఛత్ర రాజ్యం గురించి. రాజ్యాలు ఇష్టపడి, అధికారాలు పంచుకుని కట్టే సమాఖ్య గురించి కాదు. ఆ తేడా చూడకుండా కాంట్ ప్రపంచ ప్రభుత్వాన్ని ఖండించాడని రాసేవాళ్ళూ, మొదటి సగం మాత్రమే చూసి సమర్థించాడని రాసేవాళ్ళూ ఇద్దరూ పొరబడుతున్నారు. 1797లో ఆయన ఇంకా వెనక్కి తగ్గి, ఎప్పుడైనా రద్దు చేసుకోగల రాజ్యాల శాశ్వత సభ గురించి మాట్లాడాడు. అమెరికన్ తాత్వికుడు జాన్ రాల్స్ 1999లో ప్రపంచ ప్రభుత్వం వద్దన్నప్పుడు ఎత్తి చూపింది ఆ నిరంకుశత్వ హెచ్చరికనే.

భద్రత వైపు వాదన 17వ శతాబ్దపు ఆంగ్ల తాత్వికుడు హాబ్స్‌తో మొదలవుతుంది. మనుషుల మధ్య ఉమ్మడి అధికారం లేకపోతే యుద్ధ స్థితి ఉంటుంది, రాజ్యాల మధ్య కూడా అదే స్థితి, కాబట్టి వాటికీ ఉమ్మడి అధికారం కావాలి అని తోస్తుంది. కానీ తన లెవయథాన్ గ్రంథం 13వ అధ్యాయంలోనే హాబ్స్ ఈ తర్కాన్ని ఆపేశాడు. రాజులు ఒకరి మీద ఒకరు కత్తులు దూస్తున్నా తమ ప్రజల పనిపాటలను నిలబెడుతున్నారు గనుక, విడి మనుషుల అరాచకంలో ఉండే దుర్గతి అక్కడ లేదన్నాడు. రాజ్యం నిద్రపోదు, ఒక్క దెబ్బకు చావదు. అందుకే ఈ పోలిక చాలాకాలం బలహీనంగానే ఉండిపోయింది. 1945లో అణుబాంబు దాన్ని మార్చింది. ఎంత పెద్ద రాజ్యమైనా గంటల్లో నాశనం కావచ్చని తేలాక ఐన్‌స్టీన్, రసెల్ వంటివాళ్ళు ప్రపంచ ప్రభుత్వం గురించి మాట్లాడింది ఆదర్శం కోసం కాదు, ప్రాణభయంతో.

అప్పుడు జరిగిన ఒక ప్రయత్నాన్ని దగ్గరగా చూడండి. 1946 జూన్ 14న అమెరికా తరఫున బెర్నార్డ్ బరూక్ ఒక ప్రణాళిక ముందుంచాడు. ప్రమాదకరమైన అణు కార్యకలాపాలన్నీ ఒక అంతర్జాతీయ సంస్థ చేతిలో ఉండాలి, తనిఖీ హక్కు దానికే ఉండాలి, నియమం తప్పినవాళ్ళ శిక్ష విషయంలో వీటో చెల్లకూడదు. నియంత్రణ పూర్తిగా అమల్లోకి వచ్చాక అమెరికా తన బాంబులను వదులుకుంటుంది. సోవియట్ ప్రతినిధి గ్రోమికో తిరుగు ప్రతిపాదన దీనికి సరిగ్గా తలకిందులు: ముందు ఉన్న బాంబులను నిషేధించి నాశనం చేయండి, నియంత్రణ సంగతి ఆ తర్వాత. గమ్యం విషయంలో ఇద్దరి మాటల మధ్య దూరం అంత లేదు. ఏది ముందు అన్న దగ్గరే అంతా కూలింది. ముందు కదిలినవాడు నష్టపోతాడన్న భయం రెండు వైపులా నిజమైనదే. ప్రపంచ రాజ్యం గురించి రాసేవాళ్ళు తుది చిత్రాన్ని ఎంతో వివరంగా గీసి, దారి మధ్యలో ఎవరు ఎంతకాలం రక్షణ లేకుండా నిలబడాలో చెప్పరు. నా ఉద్దేశంలో ఈ సాహిత్యంలో అతి పెద్ద లోటు ఇదే. అంతర్జాతీయ రాజకీయాల పండితుడు అలెగ్జాండర్ వెండ్ట్ 2003లో ప్రపంచ రాజ్యం 100–200 ఏళ్ళలో అనివార్యమని వాదించారు. గుర్తింపు కోసం సాగే పోరాటమే రాజ్యాలను అటు నెడుతుందన్న ఆ తర్కం చదవదగ్గదే. కానీ అనివార్యత మీద మీ వాదనను నిలబెట్టకండి. ఎప్పటికైనా వస్తుందన్న మాట అది రావడం మంచిదా కాదా అన్నదాన్ని తేల్చదు.

ఉన్న సంస్థలనే పెంచితే చాలదా అన్నదానికి వద్దాం. ఇక్కడ రెండు రకాల సమస్యలను వేరు చేయాలి. 1874లో బెర్న్‌లో 22 దేశాలు సంతకం చేసిన తపాలా ఒప్పందం సభ్య దేశాలన్నిటినీ ఒకే తపాలా భూభాగంగా ప్రకటించింది. దాని వెనుక సైన్యం లేదు, పోలీసు లేడు. అయినా ఆ ఏర్పాటు ఇప్పటికీ నిలిచి ఉంది. కారణం, నియమం తప్పితే తన ఉత్తరాలే ఆగుతాయి గనుక ఏ దేశానికీ తప్పాలన్న కోరిక ఉండదు. మశూచి నిర్మూలన ఇంకాస్త కష్టమైనది, అయినా 1980లో ముగిసింది, ప్రతి దేశానికీ దానివల్ల లాభమే. అందరూ పాటిస్తుండగా తానొక్కడూ తప్పుకుంటే లాభపడే చోట మాత్రం పరిస్థితి వేరు. వాతావరణాన్ని వేడెక్కించే వాయువులను తగ్గించాలన్న 1997 నాటి క్యోటో ఒప్పందం కింద తన లక్ష్యానికి దూరమైపోయిన కెనడా 2011లో తప్పుకుంటున్నట్టు ప్రకటించి బయటపడింది. ఏ జరిమానా దాన్ని ఆపలేకపోయింది. ఓజోన్ పొరను దెబ్బతీసే రసాయనాలపై 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఆ తప్పు చేయలేదు. చేరని దేశాలతో ఆ రసాయనాల వర్తకంపై ఆంక్షలు పెట్టింది, పేద దేశాలకు గడువు పెంచింది, 1990లో నిధి కూడా ఏర్పరిచింది. బయట ఉండటమే నష్టంగా మారింది. కాబట్టి ఏ సమస్యకు ప్రపంచ అధికారం కావాలని మీరు వాదిస్తున్నారో ముందు రాసుకోండి. అది తపాలా రకం అయితే రాజ్యం అక్కర్లేదు. క్యోటో రకం అయితే మాంట్రియల్ పద్ధతి సరిపోతుందేమో చూడండి. అణ్వాయుధాల్లాగా ఒక్కడు తప్పినా అందరూ పోయే రకం అయితే, అప్పుడే రాజ్యం మాట బలంగా నిలుస్తుంది.

చట్టం, డబ్బు, బలగం, బయటికి దారి అని మొదట్లో చెప్పిన నాలుగింట్లోనూ, చట్టం ఎవరి మీద పడుతుందన్నది ముఖ్యమైనది. అమెరికా 13 రాష్ట్రాలు 1781లో అమల్లోకి తెచ్చిన మొదటి సమాఖ్య ఒడంబడికలో కేంద్ర సభ రాష్ట్రాలను డబ్బు అడగగలదు, వసూలు చేయలేదు. సైనికులను అడగగలదు, చేర్చుకోలేదు. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేద్దామంటే సవరణకు 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. 1782లో రోడ్ ఐలాండ్ ఒక్కటే కాదంది, అంతటితో ఆగిపోయింది. ఆ ఒడంబడిక అసలు లోపం ఎక్కడుందో అలెగ్జాండర్ హామిల్టన్, కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 15వదానిలో పట్టుకున్నాడు. చట్టాన్ని వ్యక్తుల మీద కాక రాష్ట్రాల మీద రుద్దితే, తప్పిన రాష్ట్రాన్ని దారికి తేవడానికి యుద్ధం తప్ప మరో మార్గం ఉండదు. తప్పు చేసిన వ్యక్తిని అయితే కోర్టుకు ఈడ్చవచ్చు. 1787 రాజ్యాంగం ఆ ఒక్క మార్పు మీదే నిలబడింది.

ఈ గీటురాయి మీద ఐక్యరాజ్య సమితిని గీసి చూడండి. అది 1781 వైపే ఉంది. అమెరికా తన మీద సాయుధ చర్యలకు దిగిందని నికరాగ్వా వేసిన కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అమలు చేయించమని నికరాగ్వా భద్రతా మండలికి వెళితే అమెరికా వీటో చేసింది. ముద్దాయికే అమలు తాళంచెవి ఇచ్చిన వ్యవస్థ అది. యూరోపియన్ యూనియన్ మాత్రం ఆశ్చర్యకరంగా 1787 వైపు జరిగింది, అదీ సైన్యం లేకుండా. యూనియన్ చట్టం పౌరులకు నేరుగా హక్కులిస్తుందని 1963లో, జాతీయ చట్టంతో పొసగకపోతే యూనియన్ చట్టానిదే పైచేయి అని 1964లో లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం తేల్చింది. మొదటి కేసు వేసింది డచ్చి రవాణా సంస్థ, కస్టమ్స్ సుంకం పెంచారని. రెండోది ఒక చిన్న విద్యుత్ బిల్లు తగువు. అమలు చేసేది ఆయా దేశాల సొంత న్యాయమూర్తులే. ఒక ప్రభుత్వం యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ మాట కాదనడం సులువు, తన సొంత కోర్టు తీర్పును కాదనడం కష్టం. ప్రపంచ రాజ్యం అంటే ప్రపంచ పోలీసు అనుకునేవాళ్ళకు చూపించాల్సిన ఉదాహరణ ఇదే. ఒక షరతు మాత్రం మరవకూడదు: సభ్య దేశాల కోర్టులు స్వతంత్రంగా ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది. కాంట్ మొదటి నిబంధన మొదట ఎందుకు ఉందో ఇక్కడ అర్థమవుతుంది. 2002 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కూడా వ్యక్తులనే విచారిస్తుంది గానీ, అరెస్టుకు సభ్య దేశాల దయ మీద ఆధారపడుతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. సమితి సాధారణ బడ్జెట్ 2024లో సుమారు 360 కోట్ల డాలర్లు. న్యూయార్క్ నగర ప్రభుత్వం ఒక్కటే ఏడాదికి 10,000 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడుతుంది. సభ్యుల వాటాలకు పై హద్దు 22 శాతం, కింది హద్దు 0.001 శాతం. రెండేళ్ళ వాటాకు సమానంగా బాకీ పడితే సాధారణ సభలో ఓటు పోతుందని సమితి మూల ఒడంబడిక అయిన చార్టర్ 19వ అధికరణ చెబుతుంది. కానీ పెద్ద చందాదారు ఆలస్యం చేస్తే ఓటు పోయేలోపే సిబ్బంది జీతాలకు ఇబ్బంది వస్తుంది. సొంత పన్ను లేని సంస్థ ఎంత గొప్ప తీర్మానం చేసినా అది విజ్ఞప్తిగానే మిగులుతుంది. మీరే ప్రపంచ రాజ్యానికి నమూనా రాస్తుంటే, అందులో ఆదాయ మార్గం రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

బలగం విషయంలో సమితి చార్టర్ 43వ అధికరణ, సభ్య దేశాలు భద్రతా మండలికి సైన్యాన్ని అందుబాటులో ఉంచే ఒప్పందాలు చేసుకోవాలంది. ఆ ఒప్పందం ఒక్కటి కూడా ఇప్పటిదాకా జరగలేదు. న్యాయ నిపుణులు గ్రెన్‌విల్ క్లార్క్, లూయీ సోన్ 1958లో చార్టర్‌ను అధికరణం తర్వాత అధికరణంగా తిరగరాసి, ప్రపంచ శాంతి దళంలో ఏ ఒక్క దేశం మనుషులూ పరిమితికి మించి ఉండకుండా నియమం పెట్టారు. అలాంటి వివరం నిరంకుశత్వం గురించిన పది పేజీల ఉపన్యాసం కంటే విలువైనది.

ఓట్ల లెక్క దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. దేశానికో ఓటు అంటే సాధారణ సభలో ప్రపంచ జనాభాలో పదో వంతు కూడా లేని చిన్న దేశాలు కలిసి మూడింట రెండొంతుల మెజారిటీ సాధించగలవు. మనిషికో ఓటు అంటే కొన్ని పెద్ద దేశాలు కలిసి మిగతావాళ్ళ నోరు నొక్కగలవు. మధ్యేమార్గంగా లయనల్ పెన్‌రోజ్ 1946లో చూపిన వర్గమూల సూత్రం ఉంది. 140 కోట్ల జనాభా ఉన్న దేశానికి వర్గమూలం సుమారు 37,400. 4 లక్షల దేశానికి సుమారు 630. జనాభాలో 3,500 రెట్ల తేడా ఓటు బరువులో 59 రెట్లకు దిగుతుంది. ఇది ఊరికే సర్దుబాటు కోసం వేసిన లెక్క కాదు. పెద్ద ఓటర్ల సముదాయంలో ఒక ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం జనాభాకు కాక దాని వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది, కాబట్టి ప్రతినిధి ఓటు బరువు వర్గమూలంగా ఉంటేనే ప్రతి పౌరుడి ప్రభావం సమానమవుతుంది. అయితే దేశం తరఫున మొత్తం బరువు ఒకే వైపు పడే మండలికే ఈ తర్కం వర్తిస్తుంది. పార్టీలవారీగా చీలి విడివిడిగా ఓటేసే పార్లమెంటు సీట్లకు దీన్నే అన్వయిస్తే సమర్థన పోతుంది. పార్లమెంటుకు ఐరోపా పద్ధతి చూడండి: జర్మనీకి 96 సీట్లు, మాల్టాకు 6. ఒక్కో మాల్టా సీటుకు లక్షలోపు జనం, ఒక్కో జర్మన్ సీటుకు 8 లక్షలకు పైగా. చిన్నవాళ్ళకు అదనపు బరువు ఇచ్చారు, దాన్ని ఆ మేరకే ఉంచారు.

నిరంకుశత్వ అభ్యంతరానికి వస్తే, దాన్ని గౌరవంగా తీసుకోండి. తేలిగ్గా కొట్టిపారేసే జవాబులు నాకు నచ్చవు. పాలన చెడితే పారిపోవడానికి బయట అనేది ఉండదు. 1951 శరణార్థుల ఒప్పందం ఇచ్చిన రక్షణకు అర్థమే పోతుంది, ఎందుకంటే అది సొంత దేశం బయట ఉన్నవాళ్ళ కోసం రాసింది. ఒక రాజ్యంలో అణిచేసిన ఉద్యమం మరో రాజ్యం నుంచి ఊపిరి పోసుకోవడం కూడా ఆగిపోతుంది. వీటికి "మంచి రాజ్యాంగం రాస్తాం" అన్నది జవాబు కాదు. జవాబు అధికారాన్ని నిలువుగా ముక్కలు చేయడంలో ఉంది. పోగ్గే 1992లో సూచించిందీ అదే: సార్వభౌమాధికారాన్ని కింద ఊరి స్థాయి నుంచి పైన ప్రపంచ స్థాయి దాకా పంచి, ఏ ఒక్క అంచెనూ సర్వాధికారి కానివ్వకపోవడం. వలస, పౌరసత్వం, శరణు వంటి అధికారాలను పై అంచెకు అసలు ఇవ్వకుండా సభ్య రాజ్యాల దగ్గరే ఉంచితే, ఒక రాజ్యం నుంచి మరో రాజ్యానికి పారిపోయే దారి మిగులుతుంది.

బయటికి వెళ్ళే హక్కు మరో రక్షణ. దాన్ని రాసే తీరులో మూడు పాఠాలు చరిత్రలోనే ఉన్నాయి. సోవియట్ 1977 రాజ్యాంగం 72వ అధికరణ ప్రతి గణతంత్రానికీ స్వేచ్ఛగా విడిపోయే హక్కు ఇచ్చింది, పద్ధతి మాత్రం రాయలేదు. ఆ పద్ధతి చట్టం 1990లో, బాల్టిక్ దేశాలు వెళ్ళిపోతామన్నాక వచ్చింది. పద్ధతి లేని హక్కు కాగితం మీదే ఉంటుంది. దీనికి రెండో చివర అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం 10వ అధికరణ: 3 నెలల నోటీసు ఇచ్చి వెళ్ళిపోవచ్చు. 2003లో ఉత్తర కొరియా ఆ అధికరణనే వాడుకుని తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. సభ్యత్వంలో ఉండగా సంపాదించిన పరిజ్ఞానాన్ని తిరిగి ఇవ్వాలన్న షరతు అందులో లేదు. యూరోపియన్ యూనియన్ 50వ అధికరణ రెండేళ్ళ గడువు, చర్చల క్రమం పెట్టింది. బ్రిటన్ దానితోనే 2020 జనవరి 31న బయటపడింది, ఒక్క తూటా పేలలేదు. నేనైతే ఈ మూడో నమూనాకు ఒక్క మినహాయింపు చేరుస్తాను: విడిపోవచ్చు, కానీ సామూహిక విధ్వంసక ఆయుధాల తనిఖీ మాత్రం విడిపోయాక కూడా కొనసాగుతుంది.

వలస పాలన చవిచూసిన దేశాల నుంచి వచ్చే అభ్యంతరాన్ని పక్కన పెట్టి రాసిన ప్రపంచ రాజ్య వాదాలు నాకు అసంపూర్తిగా కనిపిస్తాయి. ఫ్రెంచ్ విప్లవ కాలంలో మానవజాతి వక్తనని చెప్పుకున్న అనకార్సిస్ క్లూట్స్ విశ్వ గణతంత్రం గురించి ఉపన్యసించాడు, దానికి పారిస్‌నే కేంద్రంగా ఊహించుకున్నాడు, 1794లో విప్లవకారుల చేతుల్లోనే విదేశీ కుట్రదారుగా శిరచ్ఛేదం పాలయ్యాడు. సమితి చార్టర్ పీఠిక తొలి ముసాయిదా రాసిన యాన్ స్మట్స్ జాతి వివక్ష పాటించే దక్షిణాఫ్రికా ప్రధాని. విశ్వం పేరుతో ఒకరి కేంద్రాన్ని అందరిమీదా పెట్టడం ఎంత తేలికో ఇవి చూపిస్తాయి. అయితే బాధితులు విశ్వ భావననే వదిలేశారనుకోవడం కూడా తప్పు. 1942 ఆగస్టు 8 నాటి క్విట్ ఇండియా తీర్మానం స్వాతంత్ర్యం కోరుతూనే స్వేచ్ఛాయుత దేశాల ప్రపంచ సమాఖ్య అవసరమని చెప్పింది. 1948 మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణలో పురుషులనే సూచించేలా ఉన్న పదాన్ని మార్పించి మనుషులందరినీ చేర్చిందీ భారత ప్రతినిధి హంసా మెహతాయే. ముందు స్వాతంత్ర్యం, ఆ స్వతంత్రుల ఇష్టంతో సమాఖ్య అన్న ఆ వరుసను మీ వాదనలో స్పష్టంగా పెట్టండి.

ఆచరణలో మొదటి అడుగు ఏదన్నదానికి చార్టర్ సవరణతో మొదలుపెట్టకండి. 108వ అధికరణ ప్రకారం మూడింట రెండొంతుల సభ్యులు ఆమోదించాలి, వాళ్ళలో 5 శాశ్వత సభ్యులూ ఉండాలి. తమ వీటో తీసేసే సవరణను వాళ్ళే వీటో చేయగలరు. భద్రతా మండలిని 11 నుంచి 15 మందికి పెంచిన సవరణ 1965లో అమల్లోకి వచ్చిందంటే అది వీటోను ముట్టుకోలేదు గనుకే. 109వ అధికరణ చెప్పిన చార్టర్ సమీక్షా సమావేశం విషయాన్ని 1955లో ఎజెండాలో పెట్టారు, తగిన సమయంలో జరుపుదామన్నారు, ఆ సమయం ఇప్పటికీ రాలేదు. తెరిచి ఉన్న తలుపు 22వ అధికరణ. సాధారణ సభ తనకు కావాల్సిన అనుబంధ సంస్థలను సొంత ఓటుతో ఏర్పాటు చేసుకోవచ్చు, శాశ్వత సభ్యుల అనుమతి అక్కర్లేదు. దాని కింద సలహా హోదాలో పార్లమెంటు సభ్యుల సభ పెట్టవచ్చన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉంది. సలహా సభ ఏం చేస్తుందని పెదవి విరిచేవాళ్ళు ఐరోపాను చూడాలి. 1952లో జాతీయ పార్లమెంట్లు పంపిన 78 మందితో మొదలైన సభ 1979లో నేరుగా ప్రజలు ఎన్నుకునే పార్లమెంటు అయింది. అక్కడ పనిచేసిన చిన్న సూత్రాన్ని ఇక్కడా పెట్టాలి: సభ్యులు దేశాలవారీగా కాక రాజకీయ అభిప్రాయాలవారీగా కూర్చోవాలి. దేశం పలక ముందు పెట్టి కూర్చోబెడితే అది మరో రాయబారుల గది అవుతుంది. పంపేది ప్రభుత్వమే అయినా అంతే. అందుకని ప్రతి దేశపు ప్రతినిధుల్లో ప్రతిపక్షానికి వాటా తప్పనిసరి చేయాలి.

చివరిగా, మీరు నమూనా రాజ్యాంగం రాస్తుంటే అందరూ వదిలేసే ఒక అధికరణ ఉంది. పై అంచె అధికారం ఎక్కడ ఆగుతుందో తేల్చేదెవరు? ప్రపంచ న్యాయస్థానమే అంటే, తన సరిహద్దును తానే జరుపుకుంటూ పోతుంది. సభ్య దేశాల కోర్టులంటే ప్రతి దేశానికీ ఒక చట్టం తయారవుతుంది. ఐరోపా దీన్ని తేల్చకుండానే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. 2020 మే 5న జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం లక్సెంబర్గ్ తీర్పును అధికార పరిధి దాటిందని తోసిపుచ్చినప్పుడు ఆ పగులు బయటపడింది. నా సూచన: ఇలాంటి తగువులకు మాత్రమే ఒక వేరే ధర్మాసనం పెట్టండి, అందులో సగం మంది ప్రపంచ న్యాయస్థానం నుంచి, సగం మంది సభ్య దేశాల అత్యున్నత న్యాయస్థానాల నుంచి వంతులవారీగా రావాలి, ఓట్లు సమానమైతే అధికారం కింది అంచెకే చెందాలి. ఆ అధికరణ రాశాక మిగతా రాజ్యాంగాన్ని మళ్ళీ మొదటి నుంచి చదవండి. పై అంచెకు మీరు ఇచ్చిన అధికారాల్లో కొన్నిటిని మీరే కొట్టేస్తారు.